కొంగున ఎవరిదో ముడి

నా మతిమరుపు గురించి చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే రకాన్ని. గ్యాసు కట్టేశానో లేదోనని బస్టాపు దాకా వెళ్లి వెనక్కి వచ్చిన రోజులు బోలెడు. భవానీపురంలో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చిన కొత్తలో ఒకరోజు తాళంచెవి లోపలే వదిలేసి తలుపు లాగేశాను. మూడో అంతస్తులో బ్యాగంతా నేలమీద గుమ్మరించుకుని కూర్చుంటే, మెట్లెక్కి వచ్చి నన్ను చూసి నవ్విన మనిషి సంపూర్ణమ్మ.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికే బాపతన్నమాట మీరు," అంది.

మొహమైనా సరిగ్గా తెలియని మనిషి అలా అంటే నాకు ఒళ్లు మండింది. మర్నాడే రెండో తాళంచెవి తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను.

నా పేరు నజీమా. పుట్టి పెరిగింది వన్ టౌన్‌లో. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాని. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక 304లో ఒక్కదాన్నే ఉంటున్నాను. తమ్ముడు సిరాజ్ గన్నవరంలో ఏసీలు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు, ఎండాకాలం వచ్చిందంటే అక్క ఉందన్న సంగతి కూడా వాడికి గుర్తుండదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను చెప్పబోయేది సంపూర్ణమ్మ గురించే అయినా తప్పు మాత్రం నాది.

సంపూర్ణమ్మ మా వాచ్‌మన్ వెంకటప్పయ్య భార్య. ఇద్దరూ దివిసీమ వైపు నుంచి వచ్చారు. పిల్లల్లేరు. మెట్ల కింద గదిలో ఉండేవారు. ఆమెకి చదువు రాదు. అంకెలు మాత్రం వచ్చు, ఫ్లాట్ల తలుపుల మీద చూసి చూసి నేర్చుకుంది. అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్లున్నాయి. ఇరవై ఇళ్లవాళ్లూ గుర్తుపెట్టుకోవాల్సినవన్నీ ఆమెకి అప్పజెప్పేవాళ్లు. సంపూర్ణమ్మా, గ్యాస్ బండ వస్తే తీసుకో. సంపూర్ణమ్మా, ప్లంబరొస్తే పైకి పంపు. సంపూర్ణమ్మా, మధ్యాహ్నం మా అత్తగారికి బీపీ బిళ్ల గుర్తుచెయ్యి. ఎవరేం చెప్పినా ఆమె పైటకొంగు అంచుకి ఒక ముడి వేసేది. పని అయ్యాక ముడి విప్పేది. నీళ్ల మోటారుకి చివర్న చిన్న ముడి, గ్యాసుకి లావుపాటి ముడి, తాళాలకి రెండుసార్లు తిప్పి వేసిన ముడి. ఒక్కోరోజు ఆ కొంగు చూస్తే మల్లెమొగ్గల దండలా ఉండేది.

"నేను ఈవిడకి వేసింది మూడు ముళ్లేనండీ," అనేవాడు వెంకటప్పయ్య కుర్చీలో కూర్చుని. "మీరంతా కలిసి రోజుకి ముప్ఫై వేయిస్తన్నారు."

ఆ ముడుల వెనక ఒక పద్ధతి ఉంది. అది నాకు చాలాకాలానికి తెలిసింది. ముడి వేస్తూనే ఆమె అదేమిటో మొగుడికి వినిపించేది. "ఇదిగో, ఇది రెండొందల ఒకటి వాళ్ల ఇస్త్రీ బట్టలు." ఆయన ఊఁ అనేవాడు. ముడి ఆమెది, చెవి ఆయనది. రాత్రికి మిగిలిపోయిన ముడులుంటే, పొద్దున స్నానం చేసి చీర మార్చుకునేటప్పుడు పాత చీరవి ఒక్కొక్కటే విప్పి కొత్త చీర కొంగుకి వేసుకునేది. వేస్తూ మళ్లీ చెప్పేది. ఆయన మళ్లీ ఊఁ అనేవాడు.

నాలుగేళ్ల క్రితం వెంకటప్పయ్య పోయాడు. ఒంటరి ఆడమనిషి గేటు దగ్గర పనికి ఆగగలదా అని కమిటీలో గుసగుసలు మొదలయ్యాయి. సెక్రటరీ దుర్గాప్రసాద్ గారు చెడ్డవాడు కాదు, కానీ ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. మీటింగు పెట్టారు. సంపూర్ణమ్మ పదకొండో రోజు చీరలోనే వచ్చి అందరి ముందూ నిలబడింది.

"ఒక్కటంటే ఒక్క ముడి మర్చిపోయిననాడు, మీరు పొమ్మనక్కర్లేదండీ. నేనే ఎల్లిపోతాను," అంది.

మీటింగు అంతటితో ముగిసింది. ఆమె ఉండిపోయింది. ఆ మాట మేమందరం మర్చిపోయాం, ఆమె తప్ప.

తర్వాత నాలుగేళ్లు ఒక్క పొరపాటు కూడా రాలేదు. కాకపోతే ముడి వేస్తూ గోడవైపు చూసి పెదాలు కదిపేది. అలా ఎందుకని ఒకసారి అడిగాను. "ఏసేటప్పుడు ఎవరికో ఒకరికి చెప్పాలండీ. చెప్పకపోతే ముడి మూగదైపోద్ది," అంది. నాకు నవ్వొచ్చింది. ఆఫీసుకి టైమైపోతోందని వచ్చేశాను.

ఈ ఏడాది జూన్‌లో మా అపార్ట్‌మెంట్‌కి తెలివి వచ్చింది. ట్యాంకులో సెన్సార్ పెట్టించారు. నీళ్లు తగ్గితే మోటారు దానంతటదే తిరుగుతుంది, నిండితే దానంతటదే ఆగుతుంది. జూలైలో ఫోన్‌లో యాప్ వచ్చింది. ఎవరొచ్చినా గేటు దగ్గర నుంచే మన ఫోన్ మోగుతుంది. గ్యాసు వాళ్లు మెసేజ్ పెడతారు, కరెంటు బిల్లు తనే గుర్తుచేస్తుంది, బీపీ బిళ్లకి అలారం ఉంది. 201లో చక్రి, ఉషశ్రీ అని కొత్తగా పెళ్లయినవాళ్లు, తలుపుకి నంబర్లు నొక్కితే తెరుచుకునే తాళం పెట్టించుకున్నారు. అది చూసి మిగతావాళ్లూ పెట్టించుకున్నారు. నేనూ పెట్టించుకున్నాను. ఆ నంబరు మర్చిపోతానని ఫోన్‌లో రాసుకున్నాను, అది వేరే సంగతి. నా రెండో తాళంచెవి సంపూర్ణమ్మ దగ్గర నుంచి తిరిగి తీసుకున్నాను. ఆమె తన గది గోడకున్న మేకు మీద నుంచి తీసి ఇచ్చింది.

కొంగు మీద ముడులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ముడులతో పాటు మాటలూ తగ్గాయి. అంతకుముందు రోజుకి నలభైసార్లు ఎవరో ఒకరు "సంపూర్ణమ్మా" అని పిలిచేవాళ్లు. ఇప్పుడు పిలవాల్సిన అవసరం ఎవరికుంది? ఆమె కుర్చీ గేటు దగ్గరే ఉండేది, ఆమె కూడా అందులోనే ఉండేది, మేం ఫోన్లు చూసుకుంటూ ముందునుంచే వెళ్లిపోయేవాళ్లం. కొన్నాళ్లు తనే పైకొచ్చి పాలు పొయ్యి మీద పెట్టారేమో చూసుకోండమ్మా, బట్టలు ఆరేశారు మబ్బేసింది అని తలుపులు కొట్టింది. ఎవరో వాట్సాప్ గ్రూపులో డిస్టర్బెన్స్ అని రాశారు. దానికి ఆరుగురు బొటనవేళ్లు చూపించారు. ఆ ఆరుగురిలో నేను లేనని చెప్పాలని ఉంది గానీ ఉన్నాను.

ఆగస్టు పదిహేనున కింద జెండా ఎగరేశాం. పిల్లలకి చాక్లెట్లు పంచి సంపూర్ణమ్మ కుర్చీలో కూర్చుంది. నేను లిఫ్టు కోసం నిలబడ్డాను. ఆమె కొంగు ఒళ్లో పరుచుకుని దానివంక చూస్తోంది. అన్ని ముడులూ పోగా ఒకటే మిగిలింది. వేలి కణుపంత ఉంది, గట్టిగా బిగుసుకుని ఉంది.

"ఏంటి సంపూర్ణమ్మా?" అన్నాను, లిఫ్టు ఇంకా రాలేదు కాబట్టి.

"ఇది ఎవరిదో తెలీటంలేదండీ," అంది.

నెలల తరబడి పది ముడుల మధ్య అదొకటి కలిసి ఉంది. పొద్దున్నే చీర మార్చుకునేటప్పుడు మిగతావాటితో పాటు దాన్నీ విప్పి, కొత్త కొంగుకి వేసుకుంటూ వచ్చింది. వినేవాళ్లు లేక పైకి చెప్పుకోవడం ఎప్పుడో మానేసింది. చేతులకి అలవాటైంది, మనసు దాన్ని వదిలేసింది. ఇప్పుడు మిగతావన్నీ పోయి అదొక్కటే బయటపడేసరికి, ఆమె మొహంలో రక్తం లేదు. లిఫ్టు వచ్చింది, నేను ఎక్కేశాను.

మర్నాడు ఆమె ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. కింద 101లో ఉండే రిటైర్డు నర్సు తెరేసమ్మ గారు ఆ తర్వాత నాకు ఇదంతా చెప్పారు. తలుపు కొట్టి, కొంగు చూపించి, "నాకేమన్నా గుర్తుపెట్టుకోమని చెప్పారామ్మా?" అని అడిగిందట. ఉషశ్రీ లేదాంటీ అని నవ్వి, వీడియో కాల్‌లో ఉన్నానని తలుపేసుకుందట. దుర్గాప్రసాద్ గారు, "ఎప్పటిదో అయ్యుంటుందిలే, విప్పేసెయ్," అన్నారట. ఒకావిడ, "మనకి యాప్ ఉంది కదా!" అందట. రెండురోజుల్లో ఇరవై తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. నాలుగేళ్లలో ఆమె అన్ని ఇళ్ల గుమ్మాల్లోనూ అలా నిలబడటం అదే మొదలు.

నా దగ్గరికి పదిహేడో తారీఖు పొద్దున వచ్చింది. అప్పుడు నేను ఆఫీసు గుర్తింపు కార్డు కోసం సోఫా దిండ్లన్నీ కింద పడేసి వెతుకుతున్నాను.

"మేడంగారూ, బాగా ఆలోచించుకుని చెప్పండి. మీరేమన్నా చెప్పారా నాకు?"

"నేనేం చెప్తాను సంపూర్ణమ్మా, ఇప్పుడన్నీ ఫోన్‌లోనే ఉన్నాయిగా."

"ఒకేళ ఎప్పుడన్నా..."

"లేదన్నానా? అది విప్పేసి హాయిగా ఉండు. పెద్దదానివయ్యావు, నీకెందుకీ గొడవ?"

"ఎవరిదో తెలీకుండా ఎట్టా ఇప్పుతానండీ?" అంది. "ఎవరో నన్ను నమ్ముకునే చెప్పుంటారుగా."

గుర్తింపు కార్డు నా మెడలోనే ఉంది. ఆమె చూసింది. ఇదివరకైతే చంకలో పిల్ల సామెత తప్పకుండా పడేది. ఆరోజు వేలితో చూపించి ఊరుకుంది. ఆమె మెట్లు దిగుతుంటే మోకాళ్ల మీద చేతులు వేసుకుని ఒక్కో మెట్టు దిగడం చూశాను. చూసి తాళం నంబరు నొక్కుకుని ఆఫీసుకి పోయాను.

పద్దెనిమిదో తారీఖు గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. టీకి వెళ్లిందనుకున్నాను.

ఆఫీసులో పదకొండింటికి ఫోన్ టింగుమంది. ఎప్పుడో పన్ను పీకించుకున్న డెంటల్ క్లినిక్ నుంచి మెసేజ్. 'ప్రియమైన నజీమా గారికి, జన్మదిన శుభాకాంక్షలు.' కింద ఇంకో లైన్, ఈరోజు క్లీనింగ్ చేయించుకుంటే తగ్గింపు ఉందని. నాకు యాభై నాలుగేళ్లు నిండాయి. సిరాజ్ ఫోన్ చేయలేదు. వాడినని ఏం లాభం, నాకు మాత్రం గుర్తుందా? నవ్వుకుని ఫోన్ పక్కన పెట్టబోయాను. అప్పుడు గుర్తొచ్చింది.

కిందటేడు ఇదే రోజు. సాయంత్రం పాల ప్యాకెట్ కత్తిరించబోతూ దానిమీద తారీఖు చూశాను. పద్దెనిమిది. ఇంట్లో ఉండలేక వచ్చి మెట్లమీద కూర్చున్నాను. సంపూర్ణమ్మ పైన ట్యాంకు చూసి దిగుతోంది.

"ఒంట్లో బాలేదా మేడంగారూ?"

"ఇవాళ నా పుట్టినరోజు," అన్నాను.

"మరి చెప్పరేం? మీవాళ్లెవరూ ఫోన్ చేయలేదా?"

"లేదు. నాకే గుర్తులేదు, వాళ్లకేం గుర్తుంటుంది?"

ఆమె వచ్చి నా కిందిమెట్టు మీద కూర్చుంది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, మేం ఇంట్లో పుట్టినరోజుని సాల్‌గిరా అంటామని చెప్పాను. సాల్ అంటే ఏడాది, గిరా అంటే ముడి. పూర్వం పిల్లకి ఏడాది నిండినప్పుడల్లా ఒక దారానికి ముడి వేసేవాళ్లట, ముడులు లెక్కపెడితే వయసు తెలిసేదట, మా నానమ్మ చెప్పేది.

సంపూర్ణమ్మ మొహం చేటంతయింది. "అయితే మీక్కూడా ముళ్లేనా!" అంది. అని అక్కడికక్కడే కొంగు తీసింది. "జెండా పండగైన మూడోనాడు. అంతేగా? వచ్చే ఏడు పొద్దున్నే మీ తలుపు కొట్టి అందరికంటే ముందు నేనే చెప్తాను." గట్టిగా రెండుసార్లు బిగించింది. "ఇది మీదండీ," అంది. నా మొహంలోకి చూసి చెప్పింది. నేను ఊఁ అన్నాను.

ఊఁ అన్నదాన్ని నేనే. ఆ ముడికి చెవిని నేనే.

మేనేజరుకి చెప్పానో లేదో కూడా తెలీదు, ఆటో ఎక్కి ఇంటికొచ్చాను. మెట్ల కింద గది తలుపు తీసే ఉంది. ఊడ్చి, బకెట్ బోర్లించి, మంచం గోడకి నిలబెట్టి ఉంది. మేకుల మీద తాళంచెవులు ఎప్పుడో ఖాళీ చేసేశాం, ఉత్త మేకులే ఉన్నాయి. తెరేసమ్మ గారు తన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"పొద్దున ఆరింటికే వెళ్లిపోయిందమ్మా. సంచి ఒకటే పట్టుకుంది. మాట ప్రకారం పోతున్నానంది. ఆగమంటే ఆగలేదు."

"ఏమన్నా చెప్పిందా?"

"ఆ ముడి ఎవరిదో తెలిస్తే, తనని క్షమించమని చెప్పమంది."

ఆవిడ ఇంకా చెప్తూనే ఉన్నారు. "వెళ్లేముందు ఒక పని చేసింది చూడండి. సంచి ఇక్కడ పెట్టేసి, ఆ మోకాళ్లతో మూడో అంతస్తు దాకా ఎక్కింది. కాసేపటికి దిగొచ్చింది. ఎందుకెక్కావమ్మా అంటే, 'ఏమోనమ్మా, కాళ్లు తీసుకెళ్లినియ్యి, ఎందుకో తెలీలేదు, నా బుర్ర పోయింది, ఇంక నేను పనికిరాను' అని ఏడ్చింది."

ఆ పొద్దున ఆరింటికి నేను మెలకువగానే ఉన్నాను. టీ పెట్టుకుంటున్నాను. తలుపు అవతల చెప్పుల చప్పుడు వినిపించింది. పేపరు వాడనుకున్నాను.

"కొంగు ముడి విప్పేసిందా?" అని అడిగాను.

"లేదు. అట్లాగే వెళ్లింది."

ఫోన్ చేద్దామని నా ఫోన్ తీశాను. అందులో సంపూర్ణమ్మ పేరు లేదు. ఎప్పుడూ కిందే ఉండే మనిషికి నంబరెందుకనుకున్నానో ఏమో. దుర్గాప్రసాద్ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన దగ్గరున్నది వెంకటప్పయ్య నంబరు. చేస్తే అది వాడుకలో లేదంది. "ఆధార్ కాపీ ఉందండీ," అని ఫైలు తీశారు పాపం. అందులో అడ్రసు మా అపార్ట్‌మెంటే. "మేం పొమ్మనలేదండీ," అన్నారు ఆయన రెండుసార్లు. నిజమే, ఎవరూ పొమ్మనలేదు. గ్రూపులో అడిగాను, సంపూర్ణమ్మ ఊరి పేరు ఎవరికైనా తెలుసా అని. ఇరవై ఇళ్ల వాళ్లూ చూశారు. ఒకరు 'అవనిగడ్డ సైడ్' అని పెట్టారు. ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

నాకు ఆ ఊరి పేరు ఆమె చాలాసార్లు చెప్పింది. అదే నన్ను తినేస్తోంది. మా ఊళ్లో అయితే ఇట్టా, మా ఊరి కాలవైతే అట్టా అని చెప్తూనే ఉండేది, నేను బ్యాగులో ఏదో ఒకటి వెతుక్కుంటూ ఊఁ కొడుతూ ఉండేదాన్ని. చివర్న లంక అని ఉంటుంది. లేకపోతే పాలెం.

ఆ ఆదివారం అవనిగడ్డ బస్సెక్కాను. పులిగడ్డ దాటాక కిటికీలోంచి కనిపించిన ప్రతి ముసలామె కొంగూ చూశాను. బస్టాండు దగ్గర టీ కొట్టాయన్ని అడిగితే, "లంకలూ పాలేలూ కాక ఇక్కడింకేం ఉన్నాయండీ?" అన్నాడు. ఇంటిపేరు చెప్పమన్నాడు. నాకు తెలీదు. మొగుడి పేరు వెంకటప్పయ్య అన్నాను. "ఏ వెంకటప్పయ్యండీ?" అన్నాడు. వెటకారంగా కాదు, సాయం చేద్దామనే అడిగాడు. ఆమె గురించి నాకు తెలిసినదేదో చెప్పమన్నాడు. పదేళ్లు రోజూ చూసిన మనిషి. కొంగుకి ముడులు వేస్తుందని చెప్పాను. ఆయన టీ వడపోసుకుంటూ ఇంకేమైనా చెప్తానేమోనని ఆగాడు.

ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లొచ్చాను. ఇంకా వెళ్తాను. అక్కడెక్కడో, ఎవరి పంచనో, ఆమె రోజూ పొద్దున్నే చీర మార్చుకుంటూ నా ముడి విప్పి మళ్లీ వేసుకుంటూ ఉంటుంది. ఎవరికి అన్యాయం చేశానోనని కుమిలిపోతూ ఉంటుంది. నువ్వు మర్చిపోలేదే, సరిగ్గా ఆరోజే నా తలుపు దాకా వచ్చావే అని చెప్పడానికి నేనొక్కదాన్నే ఉన్నాను, నాకేమో ఊరు తెలీదు.

నేను కూడా కొంగుకి ఒక ముడి వేసుకున్నాను. ఆఫీసులో తాళాలేమోననుకుంటారు. రోజూ పొద్దున చీర మార్చుకునేటప్పుడు పాత కొంగుది విప్పి కొత్త కొంగుకి వేసుకుంటాను. ఫోన్‌లో రాసుకోవచ్చు కదా అని మీరనొచ్చు. వేసుకుంటూ పైకే చెప్తాను, ఇది సంపూర్ణమ్మది అని. చెప్పి కాసేపు ఆగుతాను. 304లో ఊఁ అనేవాళ్లెవరూ లేరు.